తేయాకులో పూడ్చిన ఏడు కన్నాలు

మా మనవరాలు పద్మకి సువా పట్నంలో మొక్కల బొమ్మలు వేసే ఉద్యోగం వచ్చింది. సోమవారం ఓడ ఎక్కుతుంది. ఈ వాయినికోరో చెరుకు పొలాల్లో అలాంటి ఉద్యోగం పేరు విన్నవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఊరంతా దానికి సలహాలు చెబుతున్నారు. ఆ పని నిజంగా చేసినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తున్నాను.

నేను వీధిబడిలో రెండో తరగతి దాకా చదివాను. ఆ తరవాత అయ్యవారు వేరే ఊరు పోయారు, చదువూ ఆయనతోనే పోయింది. తప్పులుంటే పద్మని దిద్దమన్నాను. మాటలు మాత్రం మార్చవద్దన్నాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఒకటి తెలుసుకోండి. మొక్క బొమ్మ గోడకి తగిలించుకునేది కాదు. ఆ మొక్కని కళ్ళతో చూడని మనిషి ఎక్కడో కూర్చుని, మీ కాగితాన్ని నమ్మి, ఏదో ఒకటి తేలుస్తాడు. అది ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలియదు. నా బొమ్మ ఎవరి నెత్తిన పడిందో నాకు తెలుసు. ఆమె పేరు రాములమ్మ.

పని ఎలా దొరికిందంటే

గిర్మిట్‌లో, అంటే కూలి ఒప్పందం మీద ఈ దీవులకి ఓడలో వచ్చినవాళ్ళందరికీ చెరుకు పని దొరికింది. మా ఓడలో కొద్దిమందికి మాత్రం వనువా లేవు అనే ఈ దీవిలోని కొండల్లో టీ తోట దొరికింది. చెరుకు వాళ్ళు మమ్మల్ని అదృష్టవంతులన్నారు. వాళ్ళు ఆ కొండ మీద వాన చూడలేదు.

మా నాన్న బందరు దగ్గర బట్ట మీద కలంతో బొమ్మలు వేసేవాడు. గుళ్ళో దేవుడి ముందు కట్టే తెరలు. ఆయన గీత గీస్తే, ఆకుల్లో రంగు నింపడం నా పని. ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. తెర మీద చిరిగిన ఆకు, పురుగు తిన్న ఆకు, ఎండిన ఆకు ఉండకూడదు. ఉంటే అరిష్టం. గీతలో ఎక్కడైనా తేడా వచ్చి ఆకుకి కన్నం పడితే, రంగు వేసేవాళ్ళు దాన్ని పూడ్చాలి. నాకు ఆరేళ్ళప్పుడు ఒకటి వదిలేశాను. మా నాన్న తిట్టలేదు. ఆ పూట నాకు అన్నం పెట్టవద్దని అమ్మకి చెప్పాడు. ఆ తరవాత నేను ఏ కన్నమూ వదల్లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

టీ తోటలో పెద్ద దొర చెల్లెలు ఒకామె ఉండేది. పెళ్ళి కాలేదు. పొద్దున్నే గొడుగు, ముక్కాలిపీట, రంగుల పెట్టె మోయించుకుని తోటలోకి వచ్చి టీ చెట్టు బొమ్మ వేసేది. ఆకు కోస్తే చెట్టు పువ్వు పూయదు కాబట్టి, విత్తనం కోసం ఓ మూల కొన్ని చెట్లు కోయకుండా వదిలేవారు. ఆమె అక్కడ కూర్చునేది.

ఒకరోజు నేను బుట్టతో ఆమె వెనక నుంచి పోతూ ఆగాను. టీ పువ్వు తెల్లగా, మధ్యలో పసుపుగా, తల వంచుకుని ఉంటుంది. ఆమె దానికి తెల్లరంగు దట్టంగా పులుముతోంది. పువ్వు సున్నం కొట్టిన గోడలా ఉంది.

మా కూలీల మేస్త్రీ సర్దార్ అరిచాడు. "ఏటే మంగా! ఆకు కోస్తన్నావా, దొరసాని ఈపు కాస్తన్నావా?"

"పువ్వు పాడౌతోంది బాబూ," అన్నాను.

"నీ రోజు టాస్కు పాడౌతాది, అది సూసుకో!"

దొరసాని వెనక్కి తిరిగింది. ఆమెకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ తోటలో మాట్లాడే హిందీ కొంచెం కొంచెం వచ్చు. కాగితం వైపు చూపించి, ఇదే తెలుపు, దీన్ని వదిలెయ్యి, చుట్టూ నీడ వెయ్యి అని చేతులతో చెప్పాను. ఆమె కుంచె నా చేతికి ఇచ్చింది. బూడిద రంగులో చిటికెడు ఆకుపచ్చ కలిపి రేకుల అంచున తిప్పాను. పువ్వు లేచి నిలబడింది.

మర్నాటి నుంచి నన్ను తోట పని మాన్పించి బంగళా వసారాలో కూర్చోబెట్టింది. చాలా ఏళ్ళ తరవాత, నా చేతిలో ఏం చూసి తీసుకున్నారని అడిగాను. "నీకంటే ముందు ఇద్దరు నీళ్ళ గిన్నె తన్నేశారు. నువ్వు తన్నలేదు," అంది. ప్రతిభ గురించి గర్వపడేవాళ్ళు ఈ మాట రాసి పెట్టుకోండి.

దొరసాని దగ్గర

ఆమెది ఒకటే పాఠం. "జో హై, ఓహీ." ఏది ఉందో, అదే. రోజుకి పదిసార్లు అనేది. నేను తల ఊపేదాన్ని. తల ఊపడానికీ అర్థం కావడానికీ మధ్య నాకు రెండేళ్ళు పట్టింది.

పని ఇలా ఉండేది. కొమ్మ తెల్లవారుజామునే కోసి, తడిగుడ్డ చుట్టి, రేకు డబ్బాలో పెట్టి తేవాలి. పువ్వు ముందు. మధ్యాహ్నానికి అది అంచుల్లో గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ తరవాత ఎంత బతిమాలినా లాభం లేదు. ఆకు పొడుగు, వెడల్పు రెండు కాళ్ళ కొలబద్దతో కొలిచి, కాగితం మీద సరిగ్గా అంతే గీయాలి. ఆకు అంచు రంపంలా ఉంటుంది. ఆ పళ్ళు లెక్కపెట్టాలి. నలభై ఉంటే నలభై. చిగురు మీద వెండి నూగు ఉంటుంది, దాన్ని తడి ఆరిన కుంచెతో తాకీ తాకనట్టు వెయ్యాలి. కాయని బ్లేడుతో కోసి లోపల గింజలు చూపించాలి. పెన్సిల్ ఆమెది, రంగు నాది. కింద ఏ వరసలో కోసిన కొమ్మో, ఏ నెలో ఆమె రాసి సంతకం పెట్టేది.

ఆమెలో మంచి: ఒక ఆకు కోసం మూడు రోజులు కూర్చునేది. చెడు: రంగు గుమ్మరించేది. గోరంత కావలసిన చోట బొటనవేలంత కలిపి, మిగిలింది పారబోసేది. నేను ఆ మిగిలింది గవ్వల్లో ఎండబెట్టి, మర్నాడు నీటిచుక్క వేసి అదే ఆమెకి ఇచ్చేదాన్ని. కొత్త రంగు అనుకునేది.

రంగులో జిగురు ఉంటుంది. జిగురంటే బొద్దింకలకి పాయసం. మొదటి ఏడాది మేము వేసిన బొమ్మల్లో ఐదింటిని అవి అంచుల దాకా నాకేశాయి. దొరసాని ఏడ్చింది. నేను పెట్టెలో కర్పూరం పెట్టాను. ఏడుపు కంటే కర్పూరం చవక.

నా తప్పు

ఒక ఏడాది దొరసాని కొత్త పని మొదలుపెట్టింది. తోటలో నెలకో వరస నుంచి కొమ్మ కోసి, ఆ నెల చెట్టు ఎలా ఉందో వేసి దాచడం. వానల నెలలో పన్నెండో వరస వంతు వచ్చింది. ఆ వరసని అప్పుడు ఎవరూ కోయడం లేదు, వానకి మూసేశారు.

ఆమెకి జ్వరం. దుప్పటి కప్పుకుని కూర్చుని పెన్సిల్‌తో కొమ్మ గీసి, రంగు నన్ను వెయ్యమని లోపలికి పోయి పడుకుంది. కొమ్మ నా ముందే ఉంది. నడిమి ఆకు మీద గోధుమ రంగు మచ్చలు. ఏదో పురుగు రసం పీల్చేసి, మచ్చలు ఎండి రాలి, చిల్లులు పడ్డాయి. దొరసాని ఒక్కో చిల్లుకీ సున్నాలా చిన్న చుట్ట గీసింది. ఏడు చుట్టలు.

అవి పెన్సిల్ జారిన గీతలనుకున్నాను అని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది. అనుకోలేదు. కన్నాలని తెలుసు. కొమ్మ కళ్ళెదురుగా ఉంది. కాని చెయ్యి ఊరుకోలేదు. పెన్సిల్ గీతలు చెరిపే రొట్టె ముద్దతో ఏడు చుట్టలూ తుడిచేసి, ఆకు నిండా పచ్చరంగు వేశాను. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు. నేను వేసిన ఆకుల్లో అంత అందమైన ఆకు మరొకటి లేదు.

జ్వరం తగ్గాక దొరసాని వచ్చి కింద సంతకం పెట్టింది.

పన్నెండో వరస

వానలు వెలిశాక తోటకి కొత్త కులంబర్ వచ్చాడు. మా మీద పెట్టిన తెల్ల ఓవర్సీరుని అలా అనేవాళ్ళం. అతను పన్నెండో వరస రాములమ్మకి ఇచ్చాడు.

రాములమ్మది సిక్కోలు వైపు. కూలీలుండే గదుల లైన్లలో నా పక్క గది. చేతిలో ఐదు నెలల ఆడపిల్ల. నోరు మంచిది కాదు. కులంబర్ ఒకసారి బుట్ట బరువు తక్కువుందంటే, "నీ టోపీ కూడా ఎయ్యి బాబూ, సరిపోతాది," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కులంబర్‌కి అర్థం కాలేదు, కాని నవ్వు అర్థమైంది.

రెండు నెలలకి పన్నెండో వరస ఎండిపోయింది. రాములమ్మ కావాలని ముదురు కొమ్మల దాకా విరిచి చెట్లని చంపిందన్నాడు కులంబర్. కోర్టుకి పంపుతానన్నాడు. గిర్మిట్‌లో ఆ నేరానికి జైలు. జైల్లో గడిపిన రోజులు మళ్ళీ గిర్మిట్‌కి కలుస్తాయి. పిల్ల మాట ఎవరూ ఎత్తలేదు.

పెద్ద దొర తొందరపడే మనిషి కాదు. చెట్లకి తెగులు ముందే ఉందా అని అడిగాడు. దొరసాని, "నా బొమ్మలు చెబుతాయి, ఏది ఉందో అదే వేశాను," అంది. మర్నాడు చూద్దామన్నారు.

సాయంత్రం కుళాయి దగ్గర రాములమ్మ నన్ను పట్టుకుంది.

"మంగా, వానల్లో నువ్వే సెప్పినావు గదే, ఆ ఆకులికి మచ్చలొచ్చినాయని. నీ బొమ్మలో ఉంటాయి గదా?"

"ఉంటాయి," అన్నాను.

"అయితే నాకు బయం లేదు," అంది. పిల్లని చంక మార్చుకుని బిందె ఎత్తుకుంది.

మర్నాడు వసారాలో బల్ల మీద బొమ్మలు పరిచారు. వానల నెల, పన్నెండో వరస. ఆకులు ఇత్తడి పళ్ళెంలా మెరుస్తున్నాయి. ఒక్క మచ్చ లేదు. దొరసాని బొమ్మని దగ్గరికి లాక్కుని చూసింది. జ్వరంలో గీసింది ఆమెకి గుర్తు లేదు. కింద సంతకం ఆమెదే.

"వానల్లో చెట్లు బాగానే ఉన్నాయి," అన్నాడు పెద్ద దొర. "రేపు పడవలో పంపండి."

రాములమ్మ నా వైపు చూసింది. నేను మూల కూర్చుని గిన్నెలో కుంచె కడుగుతున్నాను.

"ఆ కుంచె సుబ్బరమైపోనాదే మంగా," అంది. "ఇంక ఆపు."

నేను ఆపలేదు. మాట్లాడనూ లేదు. నిజం చెబితే వసారా పోతుంది, మళ్ళీ బుట్ట, మళ్ళీ కొండ మీద వాన. అదీ లెక్క. భయపడ్డానని రాయవచ్చు, బాగుంటుంది. నిజానికి నాకు నీడలో కూర్చోవడం అలవాటైంది.

కడగడం

మర్నాడు పొద్దున్న పడవ కింద రేవులో ఉంది. రాములమ్మ మూట కట్టుకుని, పిల్లని ఎత్తుకుని బంగళా మెట్ల దగ్గర నిలబడింది. పిల్ల ఏడుస్తోంది. రాములమ్మ జోకొట్టడం లేదు. ఆమెకి జోకొట్టడం మరిచిపోయే అలవాటు లేదు. అది చూసి నేను లేచాను.

పెద్ద దొర, దొరసాని టీ తాగుతున్నారు. కులంబర్ పక్కన నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఆకుకి కన్నాలున్నాయి. మీరు గీశారు. నేను పూడ్చాను," అన్నాను, నాకు వచ్చిన హిందీలో.

దొరసాని కప్పు కింద పెట్టింది. "ఎందుకు?"

"మా ఇంట్లో పూడుస్తారు."

కులంబర్ నవ్వాడు. "ఝూట్. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే లైను. నిన్న గుర్తు రాలేదా?"

అతను చెడ్డవాడే, కాని ఆ ప్రశ్న మంచిదే. బల్ల మీద నుంచి ఆ బొమ్మ తీసుకుని, శుభ్రమైన గుడ్డ నీళ్ళలో ముంచి, నడిమి ఆకు మీద అద్దాను. దొరసాని "అరే!" అని లేచింది. కులంబర్ నా మోచెయ్యి పట్టుకోబోయాడు. పెద్ద దొర వద్దన్నాడు.

రంగు కడిగితే పోతుంది. కాని దొరసాని పెన్సిల్ గట్టిగా నొక్కేది. రొట్టె ముద్ద నలుపుని తీస్తుంది, కాగితంలో పడిన గాడిని తీయలేదు. నేను వేసిన పచ్చరంగు ఆ గాళ్ళలోకి దిగి కూర్చుంది. పైన రంగు వెలిసిపోతున్నకొద్దీ గాళ్ళలో రంగు మిగిలిపోతోంది. ఒక చుట్ట కనిపించింది. ఇంకొకటి. గుడ్డ రెండుసార్లు పిండాను. నేను వేసిన అందమైన ఆకు గిన్నెలో పచ్చనీళ్ళయింది. కాగితం మీద ఏడు చుట్టలు తేలాయి.

దొరసాని వంగి చూసింది. గోటితో ఒక చుట్టని తడిమింది.

"నా పెన్సిల్," అంది. "ఏడు చూశాను, ఏడు గీశాను."

చూడకుండా సంతకం పెట్టాననే మాట ఆమె అనలేదు. ఆమె అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

పెద్ద దొర టీ పూర్తి చేసి, రాములమ్మని లైన్లకి పొమ్మన్నాడు. పడవ ఖాళీగా పోవడం ఎందుకని దాన్నిండా అరటిగెలలు వేయించి పంపాడు. కులంబర్‌ని ఎవరూ ఏమీ అనలేదు. బొమ్మ పాడు చేసినందుకు నన్ను మాత్రం ఆ పూటే తోటలోకి పంపారు. రాములమ్మ పక్క వరస ఇచ్చారు. వాన పడుతోంది.

మూడు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆకు కోస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"ఒక్క రోజు ముందు సెప్పలేకపోనావా మంగా? ఆ రోజే నా పాలు ఆగిపోనాయి."

ఆ సాయంత్రం నుంచి కింది లైన్లలో మేక ఉన్నవాళ్ళ ఇంట్లో అంట్లు తోమి, రోజూ చెంబుడు పాలు తెచ్చి ఆమె గడప మీద పెట్టాను. తీసుకునేది. చెంబు కడిగి నా గడప మీద పెట్టేది. మంచి మాట ఏదీ అనలేదు. నేను ఎదురు చూడలేదు. కొంచెం చూశాను. పిల్ల మేకపాలతోనే పెరిగింది.

నాలుగు నెలలకి దొరసాని మళ్ళీ పిలిచింది. నా చోట్లో పెట్టుకున్న అమ్మాయి నీళ్ళ గిన్నె రెండుసార్లు తన్నిందట.

ఆ తరవాత

గిర్మిట్ తీరాక కూడా ఆమె దగ్గరే చేశాను. టీ తోట పడిపోయి, ఆమె తన దేశం పోయాక ఒక డాక్టరు దొరకి చెరుకు, దాలో దుంప, ఇక్కడివాళ్ళు వేరు దంచి తాగే యంగోనా మొక్క వేసిపెట్టాను. ఆయనకి బొమ్మ అందంగా ఉండాలి. ఎండిన ఆకు వేస్తే, "దీన్ని కొంచెం సరిచెయ్యి," అనేవాడు. చెయ్యనన్నాను. మొండిదానివన్నాడు. ఔనన్నాను. రెండేళ్ళకి మానేశాను. ఇలాంటి దొరలు మీకూ దొరుకుతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, జీతం కూడా సరిగ్గా ఇస్తారు. అదే ప్రమాదం.

కళ్ళు తగ్గేదాకా పని చేశాను. ఇప్పుడు పప్పులో రాళ్ళు కూడా పద్మే ఏరుతుంది, కళ్ళకి ఆనించుకుంటేనే నాకు ఏదైనా కనిపిస్తుంది.

మొన్న అది సువా తీసుకుపోవడానికి వేసిన జామాకు బొమ్మ తెచ్చి చూపించింది. నున్నగా, నిండుగా ఉంది.

"ఆకు ఏదీ?" అన్నాను.

"ఇదే కదా నానీ."

నన్ను నానీ అంటుంది. అమ్మమ్మా అనమంటే నవ్వుతుంది.

"బొమ్మ కాదు. చూసి వేసిన ఆకు."

దొడ్లోంచి తెచ్చింది. చీమలు ఎక్కి ఉంది, అంచున గొంగళిపురుగు కొరికిన చోట్లు ఉన్నాయి.

"ఇవెందుకు వెయ్యలేదు?"

"ఖరాబ్ కనిపిస్తుంది కదా నానీ. ఆఫీసు వాళ్ళు ఏమనుకుంటారు?"

దానికి ఎవరూ నేర్పలేదు. తెర ఎలా ఉంటుందో అది చూడనే లేదు. అయినా పూడ్చింది. నాకు కోపం రాలేదు, అందుకని గట్టిగా తిట్టలేకపోయాను. కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

ఇంట్లో ఉన్న కాగితాలు అయిపోయాయి. నాలుగు ముక్కల కోసం కొత్తవి కొనే అలవాటు నాకు లేదు. నేను కడిగిన బొమ్మ కాగితాన్ని ఆ రోజు దొరసాని పారేస్తే, బుట్టలోంచి తీసి దాచాను. వెనక వైపు ఖాళీగానే ఉంది కదా అని. కర్పూరం పెట్టి ఉంచాను, బొద్దింకలు ముట్టలేదు. ఈ చివరి భాగం దాని వెనకే రాస్తున్నాను.

పద్మా, చదవడం అయ్యాక ఇది తిప్పి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడు. ఏడు ఉంటాయి. లెక్కపెట్టుకుని, అప్పుడు జామాకు మళ్ళీ వెయ్యి. ఓడకి ఇంకా రెండు రోజులు టైముంది.